అందరి ఊపిరీ ఇరవయ్యే

పెద్దక్క ఆఫీసు అంటే ఒక చిన్న బల్ల. ఆపరేషన్లు అయిన రోగులుండే మూడో అంతస్తు వార్డులో, రెండు తలుపుల బీరువాకీ మందుల ట్రాలీకీ మధ్య దాన్ని ఇరికించారు. కూర్చోవాలంటే ట్రాలీ జరపాలి, లేవాలంటే బీరువా తలుపు మూయాలి. ఈ తతంగమంతా ఎందుకని ఆవిడ కూర్చోవడమే మానేసింది. తిరగడానికి ఇరవై ఎనిమిది మంచాలున్నాయి, నాకు కుర్చీతో పనేముంది అనేది.

ఆవిడ ఇరవై రెండేళ్లుగా నర్సు. నలభై దాటాక, పిల్లలు పుస్తకాలు మూసే వయసుకి వచ్చాక తను పుస్తకాలు తెరిచింది. సెలవు పెట్టి రెండేళ్లు పైచదువు చదువుకొచ్చింది. ఆ చదువుతో వచ్చిన ఉద్యోగం కొత్త రకం. రోగి పరిస్థితి తేడాగా కనిపిస్తే డాక్టరు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు. తనే పరీక్ష చేసి, రక్తపరీక్షలు రాసి, ఆక్సిజన్ పెట్టి, మొదటి మందు మొదలుపెట్టవచ్చు. అలాంటి నర్సు ఆ ఆసుపత్రిలో అంతకుముందు లేదు. దాంతో ఆవిణ్ణి ఏ గాటన కట్టాలో ఎవరికీ పాలుపోలేదు.

"డాక్టర్లేమో నిన్ను నర్సంటారు, నర్సులేమో డాక్టరంటారు. రెంటికి చెడ్డ రేవడివి అయిపోయావు కదక్కా!" అంది వార్డు సిస్టర్. వార్డు నడిపేది ఆవిడే. పదకొండేళ్ల కిందట పెద్దక్క చేతికిందే పని నేర్చుకుంది. ఆ చనువుతో ఎంత మాటైనా అనేస్తుంది.

"చెడితే చెడ్డాను గానీ, మధ్యలో ఉన్నవాళ్లకే అటూ ఇటూ కనపడేది" అంది పెద్దక్క.

పెద్దక్క చదువుతో పాటు ఒక కాగితం కూడా తెచ్చింది. నాలుగు గంటలకోసారి ప్రతి రోగికీ నాడి, రక్తపోటు, జ్వరం, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారన్నదీ చూసి అందులో గడుల్లో నింపాలి. గడులకి రంగులుంటాయి. అంకెలు పచ్చ గడుల్లో ఉంటే ఫరవాలేదు. ఒక్క అంకె ఎర్ర గడిలో పడినా వెంటనే పెద్దక్కని పిలవాలి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు, మనిషి కుప్పకూలాక పరుగులు పెట్టడం కాదు, కూలబోతున్నాడని ముందే పసిగట్టాలి. అదీ ఆవిడ పట్టుదల.

పెద్ద డాక్టరుగారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయన చేతిలో కత్తి ఎంత నిక్కచ్చిగా నడుస్తుందో మాట కూడా అంతే. "మూడు నెలలు చూస్తాను సిస్టర్. మీ కాగితం ఒక్క రోగినైనా ముందుగా పట్టుకుంటే ఈ పద్ధతీ ఉంటుంది, మీ పోస్టూ ఉంటుంది. పట్టుకోలేదనుకోండి, కాగితం బీరువాలోకి, మీరు మళ్లీ మామూలు డ్యూటీలోకి."

"సరే సార్" అంది పెద్దక్క. ఆవిడకి ఆ కాగితం మీద అంత నమ్మకం.

రెండు నెలలు గడిచాయి. కాగితం ఒక్కసారి కూడా ఆవిణ్ణి పిలవలేదు. ఇరవై ఎనిమిది మంచాల దగ్గరా అంకెలన్నీ పచ్చగడుల్లోనే పచ్చగా ఉన్నాయి. అదే రెండు నెలల్లో ఇద్దరు రోగుల్ని మాత్రం ఉన్నపళాన కింద అంతస్తులోని ఐసీయూకి పరుగు మీద తీసుకెళ్లారు. వాళ్లలో ఒకరు పన్నెండో మంచం లెక్కల మాస్టారు. ఊపిరితిత్తులకి నిమ్ము చేరి, పద్దెనిమిది రోజులు ఊపిరి గొట్టం మీద బతికి, సగం మనిషై మళ్లీ అదే మంచానికి తిరిగొచ్చారు.

"ఏం సిస్టర్, మీ కాగితం మూగనోము పట్టిందా?" అన్నారు పెద్ద డాక్టరుగారు ఆ రోజు రౌండ్లో, అందరి ముందూ.

పెద్దక్కకి తల కొట్టేసినట్టయింది. ఆ మధ్యాహ్నమే రెండు నెలల కాగితాలూ కట్టగట్టి, ఉతికిన దుప్పట్లు పెట్టుకునే గదిలోకి తీసుకెళ్లి, దుప్పట్ల దొంతరల మీద వరసగా పరిచింది. ఒక్కొక్కటే చదువుతూ నడిచింది. జ్వరం ఒకపూట ఎక్కింది, ఒకపూట దిగింది. నాడి డెబ్భై రెండు, తొంభై ఆరు, నూట పది. రక్తపోటు దాని దారిన అది పైకీ కిందికీ తిరిగింది. ఊపిరి దగ్గర మాత్రం ఇరవై. పడుచువాడికీ ఇరవై, పండుముసలికీ ఇరవై, బక్కపలచని వాళ్లకీ భారీకాయాలకీ కూడా ఇరవై. ఇరవై ఎనిమిది మంది ఒకే తాళానికి ఊపిరి తీస్తున్నట్టు ఉంది ఆ వార్డు.

లెక్కల మాస్టారి కాగితం చివర్న దొరికింది. ఐసీయూకి తీసుకెళ్లిన రోజు ఉదయం ఆరింటికి ఇరవై, పదింటికి ఇరవై. పదకొండున్నరకి గాలి అందక నిమిషానికి నలభై. ఇరవై నుంచి నలభైకి మనిషి లిఫ్టులో వెళ్లడు, మెట్లెక్కే వెళతాడు. ఆ మెట్లు ఎక్కుతుంటే ఎవరూ చూడలేదన్నమాట. కాగితం మూగది కాదు, దాని నోట్లో అబద్ధం కుక్కారు.

మర్నాడు పదింటి రౌండుకి ఆవిడ కావాలనే ట్రాలీ పక్కన నిలబడింది. నర్సుల్లో అందరికన్నా నెమ్మదస్తురాలు, వార్డంతా 'నిదానం' అని పిలిచే అమ్మాయి, ఒక మంచం దగ్గర నాడి పట్టుకుంది, రక్తపోటు చూసింది, జ్వరం చూసింది. రోగి ఛాతీ వంక కన్నెత్తైనా చూడకుండా ఇరవై అని రాసి పక్క మంచానికి వెళ్లిపోయింది. అంత నిదానస్తురాలు కూడా అక్కడ క్షణం ఆగలేదు.

పెద్దక్క ఒంటికాలి మీద లేచింది. అయినా అందరి ముందూ కేకలేయడం ఎందుకని వార్డు సిస్టర్ని దుప్పట్ల గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"ఎవరు నేర్పారే వీళ్లకి ఈ ఇరవై? ఒక్కరంటే ఒక్కరు లెక్కపెట్టట్లేదు. మాస్టారు చావు దాకా వెళ్లొచ్చారు, తెలుసా?"

"నేనే నేర్పాను" అంది వార్డు సిస్టర్, తడుముకోకుండా.

"నువ్వా? సిగ్గు లేదూ చెప్పడానికి?"

"నాకెవరు నేర్పారో అడగవేం అక్కా?"

వార్డు సిస్టరే చెప్పుకుపోయింది.

"నా మొదటి రోజు. జ్వరాల వార్డు. నలభై మంది రోగులు, మనిద్దరం. నేను బుద్ధిగా ఒక్కొక్కరి దగ్గరా నిలబడి ఊపిరి లెక్కపెడుతున్నాను. నాలుగో మంచం దగ్గరుండగా నువ్వు వచ్చి నా భుజం తట్టావు. 'ఊపిరి దగ్గర ఆగావంటే ఈ జన్మకి రౌండు అవ్వదు తల్లీ. మనిషి నీతో మాట్లాడుతున్నాడా? అయితే ఇరవై. రాసేయ్' అన్నావు. నువ్వంటే నాకు దేవతతో సమానం అప్పట్లో. రాసేశాను. పదకొండేళ్లుగా రాస్తూనే ఉన్నాను. నా తర్వాత వచ్చిన వాళ్లకి నేను చెప్పాను."

ఆ మాట అన్న సంగతి పెద్దక్కకి గుర్తే లేదు. కానీ అది తన మాటే అని తెలుస్తూనే ఉంది. ఆ 'తల్లీ' తనదే, ఆ 'రాసేయ్' తనదే. గురివింద గింజకి తన కింది నలుపు తెలియదంటారు. ఇరవై రెండేళ్ల అనుభవం, రెండేళ్ల పైచదువు, అంతటి గింజకీ తెలియలేదు. ఆవిడకి ఏడుపొచ్చింది. దుప్పటి అంచుతో తుడుచుకుంది.

వార్డు సిస్టర్ కంగారు పడింది. "ఊరుకో అక్కా. ఇది మన నలుగురి మధ్యా ఉండేదే. ఇంకో నెల ఓపిక పట్టు. ఇవాళ్టి నుంచి అందరం లెక్కపెడతాం. అయిందేదో అయిపోయింది, పెద్ద డాక్టరుగారికి చెప్పావంటే ఆ రోజే నీ పోస్టు గంగలో కలుస్తుంది."

ఆ సాయంత్రం పెద్దక్క ఇంటికి వెళ్లేసరికి అత్తగారు వంటింటి పక్క కుర్చీలో కునుకు తీస్తోంది. గోడ మీద సెకన్ల ముల్లు ఎర్రగా తిరిగే గడియారం టిక్కుటిక్కుమంటోంది. పెద్దక్క చేతిసంచి కింద పెట్టకుండానే ఎదురుగా నిలబడి అత్తగారి ఊపిరి లెక్కపెట్టింది. పద్నాలుగు. మళ్లీ లెక్కపెట్టబోతుంటే అత్తగారు ఒక కన్ను తెరిచింది.

"బతికే ఉన్నాను. టీ పెట్టు."

పెద్దక్కకి నవ్వొచ్చింది. టీ పెట్టి, జరిగిందంతా చెప్పింది. అత్తగారు ముప్పై ఏళ్లు రైల్వే స్టేషన్లో టికెట్ల కిటికీ వెనక కూర్చుని రిటైరైన మనిషి. మాటల్ని కూడా టికెట్లలాగే టకటకా కొట్టి ఇస్తుంది.

"తప్పు టికెట్టు కొట్టిన రోజున, కిటికీలోంచి తల బయట పెట్టి 'తప్పు నాదే, ఆగండి' అని గట్టిగా చెప్పేదాన్ని. వెనకున్న వంద మందిలో ఒక్కడు కిక్కురుమంటే ఒట్టు. గుట్టుగా సర్దేద్దామని చూసిన రోజే కిటికీ బద్దలుకొట్టేవాళ్లు. ముందు టికెట్టు తీసుకున్నవాడికి చెప్పు, తర్వాత క్యూకి చెప్పు, ఆ తర్వాత స్టేషన్ మాస్టరుకి చెప్పు. వెళ్లేటప్పుడు ఆ గడియారం పట్టుకుపో."

"మీకో?"

"నాకు ఆకలేస్తే మధ్యాహ్నం, నిద్దరొస్తే రాత్రి. గడియారంతో నాకేం పని?"

పెద్దక్క ఆ వరసే పాటించింది. ముందు పన్నెండో మంచం దగ్గరికి వెళ్లి, స్టూలు లాక్కుని, లెక్కల మాస్టారికి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ ఉదయం మీ ఊపిరి ఎవరూ లెక్కపెట్టలేదు, అలవాటు కొద్దీ ఇరవై అని రాశారు, ఆ అలవాటు మొదట నేర్పింది నేనే అంది. మాస్టారు దిండుకి ఆనుకుని లేచి కూర్చున్నారు. ఆయన మెడ మీద గొట్టం ఆనవాలు ఇంకా ఎర్రగానే ఉంది.

"నా క్లాసులో పిల్లలూ ఇంతే" అన్నారు బొంగురు గొంతుతో. "పుస్తకం చివర జవాబు చూసి రాసేస్తారు, లెక్క చేయరు. వాళ్లకి నేనేం వేస్తానో తెలుసా?"

"తెలుసు మాస్టారూ."

"సున్నా. జవాబు కరెక్టయినా సరే, సున్నా." దుప్పటి సర్దుకుని, "మీ ఇంట్లో వాళ్లకి చెప్పుకోవచ్చు, ఇక్కడిదాకా వచ్చి నాకెందుకు చెప్పారమ్మా?" అన్నారు.

"ఊపిరి మీది కాబట్టి" అంది పెద్దక్క.

మధ్యాహ్నం రెండింటికి, ఉదయం డ్యూటీ వాళ్లు దిగి సాయంత్రం వాళ్లు ఎక్కే వేళ, నర్సులందరినీ దుప్పట్ల గదిలోకి పిలిచింది. తిట్లు తప్పవనుకుని అందరూ తలలు దించుకుని వచ్చారు. ఆవిడ మొదటి మాట, "ఈ వార్డులో మొట్టమొదటి ఇరవై నాది" అని. వార్డు సిస్టర్ తల ఎత్తింది. మిగతా వాళ్లూ ఒక్కొక్కరే ఎత్తారు.

"ఇప్పుడు చెప్పండి. లెక్కపెట్టడానికి మీకు అడ్డేమిటి? మంచి పిల్లల్లా మాట్లాడొద్దు. నిజం చెప్పండి."

నిదానమే మొదలుపెట్టింది. "క్రిములు అంటుకుంటాయి, మోచేతి కింద ఏమీ ఉండకూడదని మీరే కదక్కా వాచీలు తీయించారు. ఫోన్లు వార్డులోకి తేకూడదు. గోడ గడియారానికి సెకన్ల ముల్లే లేదు. దేన్ని చూసి లెక్కపెట్టను?"

అంతే, కట్ట తెగింది. ఛాతీ వంక చూస్తుంటే ఆడవాళ్లు ఇబ్బంది పడుతున్నారని ఒకరు, మనం చూస్తున్నామని తెలిస్తే రోగి ఊపిరి బిగబడుతున్నాడని ఒకరు. అందరూ కలిసి అన్నది మాత్రం పెద్ద పుస్తకం గురించి. నాలుగేళ్ల కిందట ఎవరిదో కాగితం పోయిందని పెద్ద డాక్టరుగారు, కాగితాల్లో రాసిన ప్రతి అంకెనీ మళ్లీ ఒక అట్ట పుస్తకంలో ఎక్కించమన్నారు. ప్రతి డ్యూటీలోనూ దానికి నలభై నిమిషాలు పడుతోంది.

"మంచానికి ఒక్క నిమిషం కావాలి అంటున్నావు. అంటే ఇరవై ఎనిమిది నిమిషాలు" అంది వార్డు సిస్టర్. "ఎక్కణ్ణుంచి తేవాలి, మా పుట్టింటి నుంచా?"

"ఆ నలభై నిమిషాలు నేను తెస్తాను" అంది పెద్దక్క.

పెద్ద డాక్టరుగారి గదికి ఆవిడ రెండు చేతుల్లోనూ పుస్తకం మోసుకుని వెళ్లింది. నిలబడే అంతా చెప్పింది. రెండు నెలల కాగితాల్లో ఊపిరి అంకెలు కల్పించినవి. కల్పన నేర్పింది తను. మాస్టారికి చెప్పేసింది. ఇక మీదట నిజం రాయాలంటే ఈ పుస్తకం ఆగాలి.

ఆయన ముఖం కందగడ్డ అయింది. "రెండు నెలలు తప్పుడు కాగితాలు నా ముందు పెట్టి, పైగా నా పుస్తకాన్ని ఆపమంటారా? ఇవాళే మూసేస్తాను మీ పద్ధతిని."

"ఇంకా నెలుంది సార్. మూడు నెలలన్నారు. చివరి రోజున మూసేయండి, కాదనను. ఒక్కసారి ఇది చూడండి." పెద్దక్క పుస్తకం తెరిచి మధ్యలో వేలు పెట్టింది. పదిపన్నెండు పుటలు ఒకదానికొకటి అతుక్కుపోయి అట్టముక్కలా ఉన్నాయి. "ఎవరో టీ ఒలకబోశారు. నాలుగు నెలలైంది. ఈ పుటలు విడదీయాల్సిన అవసరం ఇవాళ్టిదాకా ఎవరికీ రాలేదు సార్. మీకు కూడా."

ఆయన ఆ అతుకుని గోటితో గీకి చూశారు. కుర్చీలో వెనక్కి వాలారు. పెద్దక్క కదలకుండా నిలబడింది. పోస్టు పోతే పోయింది, వెన్ను మాత్రం నిటారుగా ఉంది, ఇన్నాళ్లలో ఎప్పుడూ లేనంత తేలిగ్గా ఉంది.

"మా రోజుల్లో పద్దెనిమిది" అన్నారాయన ఉన్నట్టుండి.

"సార్?"

"నేను హౌస్ సర్జన్ గా ఉన్నప్పుడు అందరం పద్దెనిమిది అని రాసేవాళ్లం. మీరు రెండు పెంచారు." పుస్తకం మూసి తన బీరువాలో పడేశారు. "నెల రోజులు. ఆ తర్వాత నన్ను బతిమాలకండి."

అత్తగారి గడియారం వార్డు మధ్య స్తంభానికి ఎక్కింది. ఇంకో మూడు గడియారాలు స్టోరు వాళ్ల వెంటపడి పెద్దక్క సాధించింది. ఛాతీ వంక చూడకుండా లెక్కపెట్టే కిటుకు చూపించింది. నాడి చూస్తున్నట్టే రోగి చెయ్యి పట్టుకుని, ఆ చేతిని ఆయన పొట్ట మీదే ఆనించి నిలబడాలి. చెయ్యి లేచి దిగుతుంటే అదే లెక్క. కళ్లు గడియారం మీద ఉంచాలి.

మొదటి వారం తడబడ్డారు. రెండో వారానికి ఒక వింత జరిగింది. నిమిషంపాటు చెయ్యి పట్టుకుని కదలకుండా నిలబడే మనిషి దొరికేసరికి రోగులు, ఆ నిమిషం అవగానే, ఎవరికీ చెప్పనివి చెప్పడం మొదలుపెట్టారు. కాలు తిమ్మిరిగా ఉందని ఒకరు, నిన్నటి నుంచి మాత్ర మింగకుండా దిండు కింద దాస్తున్నానని ఒకరు. కాగితాల్లో పదమూడులు, పదిహేడులు, ఇరవై రెండులు వచ్చాయి. ఏ ఇద్దరిదీ ఒక తీరుగా లేదు. ఆ అంకెల్ని చూస్తుంటే పెద్దక్కకి కడుపు నిండినట్టుండేది. ఎర్ర గడి మాత్రం ఎవరికీ పడలేదు. గడువింకా ఆరు రోజులుంది.

తొమ్మిదో మంచంలో కుట్టుపని చేసే ఆవిడ ఉండేది. పేగుకి ఆపరేషనై మూడో రోజు. మహా మాటకారి. నర్సుల యూనిఫాంలు ఎవరు కుట్టారో గానీ వాళ్ల చేతులు విరగ్గొట్టాలని రోజూ తిట్టేది. ఆ ఉదయం పదింటికి నిదానం ఆవిడ చెయ్యి పట్టుకుంది. జ్వరం లేదు. రక్తపోటు బాగుంది. నాడి తొంభై ఎనిమిది. ఊపిరి ఇరవై ఎనిమిది, ఎర్ర గడి. తప్పు లెక్కపెట్టాననుకుని మళ్లీ నిలబడింది. ఇరవై ఎనిమిదే.

"ఆవిడ ఇప్పుడే నా గౌను అంచు ఊడిందని పగలబడి నవ్వింది కదే, ఇరవై ఎనిమిదేంటి నీ మొహం!" అంది వార్డు సిస్టర్. అని, ఆ మాట తన చెవినే పడ్డట్టు ఠక్కున ఆగింది. మనిషి మాట్లాడుతున్నాడా, అయితే ఇరవై. గబగబా వచ్చి తనే చెయ్యి పట్టుకుని స్తంభం వంక చూసింది. నిమిషం అయ్యాక ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

"ముప్పై. అక్కని పిలువు."

పెద్దక్క వచ్చి, పలకరిస్తూనే పొట్ట మీద చెయ్యి వేసింది. కుట్టుపని ఆవిడ నవ్వు ఆపలేదు గానీ పెదవి ఒక పక్కకి బిగిసింది. "నొప్పి ఎప్పటి నుంచమ్మా?" "నిన్న సాయంత్రం నుంచి. ఆపరేషనయ్యాక నొప్పి ఉండదా ఏంటి సిస్టరమ్మా, దానికి కూడా మిమ్మల్ని పిలవాలా?" పెద్దక్క ఎవరి కోసమూ ఆగలేదు. ఆక్సిజన్ పెట్టించింది, రక్తం తీయించింది, సెలైన్ ఎక్కించి మొదటి యాంటీబయాటిక్ తన చేత్తోనే ఇచ్చి, ఆపరేషన్ థియేటరుకి ఫోను చేసింది.

"జ్వరం?" అన్నారు పెద్ద డాక్టరుగారు అటునుంచి.

"లేదు సార్."

"రక్తపోటు?"

"బాగుంది."

"మరి దేనికి పిలిచారు?"

"ఊపిరి ముప్పై సార్. ఇద్దరు లెక్కపెట్టారు. పొట్ట గట్టిపడుతోంది. నాకు పేగు అతుకు మీద అనుమానంగా ఉంది."

"స్కానింగుకి పంపండి. వస్తున్నాను."

అనుమానమే నిజమైంది. లోపల పేగు అతికిన చోట చిన్న చిల్లు పడింది. నాలుగింటికల్లా మళ్లీ ఆపరేషన్ చేసి సరిచేశారు. మాస్కు విప్పుకుంటూ పెద్ద డాక్టరుగారు, "రేపటిదాకా తెలియకపోయి ఉంటే ఈవిడ మనకి దక్కేది కాదు" అన్నారు. రెండు రోజుల తర్వాత కుట్టుపని ఆవిడ కళ్లు తెరిచి సంగతి విని, "కుట్టు ఊడిందా? నన్నడిగితే మొదట్లోనే గట్టి దారం చెప్పేదాన్ని కదా" అంది. నిదానం ఆ మంచం కమ్మీ పట్టుకుని నవ్వుతూ ఏడ్చింది.

చివరి రోజు ఉదయం పెద్ద డాక్టరుగారు పెద్దక్క బల్ల దగ్గరికే వచ్చారు. ట్రాలీ జరిపించి మరీ కూర్చున్నారు. నెలరోజుల కాగితాలూ ఒక్కొక్కటే తిరగేశారు. నర్సులు తలో పనీ చేస్తున్నట్టు నటిస్తూ చెవులన్నీ ఇటే పెట్టారు. ఆయన తల ఊపుతూ, ఊపుతూ, అన్నిటికన్నా పైనున్న, ఆ పూట కాగితం దగ్గర ఆగారు.

"ఇదేంటి?"

పన్నెండో మంచం. లెక్కల మాస్టారు. ఉదయం ఆరు గంటలు. ఊపిరి, ఇరవై. కింద వార్డు సిస్టర్ పొడి సంతకం.

"మళ్లీ మొదలైందా సిస్టర్?" అన్నారాయన. గొంతులో కోపం కన్నా నిరాశ ఎక్కువుంది. "నెల తిరక్కుండానే? అదీ ఆ మనిషి మంచం దగ్గరే?"

పెద్దక్క వార్డు సిస్టర్ వంక చూసింది. పదకొండేళ్ల కిందట నాలుగో మంచం దగ్గర తను భుజం తట్టిన మనిషి. వార్డు సిస్టర్ తల దించుకోలేదు. "నేను లెక్కపెట్టాను" అంది.

"అయితే ఇరవయ్యే సార్" అంది పెద్దక్క.

"మీరు చూశారా?"

"చూడలేదు. ఆవిడ లెక్కపెట్టానంది. నా పోస్టు ఆ అంకె మీదే పెట్టండి."

పెద్ద డాక్టరుగారు లేచారు. పన్నెండో మంచం దాకా వెళ్లి మాస్టారి చెయ్యి పట్టుకుని, పొట్ట మీద ఆనించి, స్తంభం మీది గడియారం వంక చూస్తూ నిలబడ్డారు. మూడు నిమిషాల్లో వార్డంతా చుట్టేసే మనిషి, ఒక మంచం దగ్గర పూర్తి నిమిషం నిలబడటం అక్కడ ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఎర్ర ముల్లు తాపీగా తిరిగింది. మాస్టారు కిటికీ వంక చూస్తూ తన మానాన తాను ఊపిరి తీశారు.

ముల్లు పన్నెండు దాటింది. ఆయన చెయ్యి వదల్లేదు.

"ఎంతొచ్చింది?" అన్నారు మాస్టారు.

"ఇరవై" అన్నారు పెద్ద డాక్టరుగారు.

వార్డు సిస్టర్ గోడకి తిరిగి ముక్కు చీదుకుంది. మాస్టారు మాత్రం ఆవిడ వంకే చూస్తూ, "ఈవిడ పొద్దున ఆ గడియారం చూస్తూ రెండుసార్లు లెక్కపెట్టింది. నేనూ లోపల లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. ఈసారి లెక్క చేసే జవాబు రాశారు. నూటికి నూరు వేసేయండి డాక్టరుగారూ" అన్నారు.

పెద్ద డాక్టరుగారు జేబులోంచి పెన్నూ, పెద్దక్క పోస్టు ఖాయం చేసే కాగితమూ తీసి, నిలబడే, మాస్టారి మంచం బల్ల మీద పెట్టి సంతకం చేశారు. అది ఆవిడ చేతికిచ్చి పదమూడో మంచం వైపు నడిచారు. అక్కడున్న ముసలాయన చెయ్యి పట్టుకుని మళ్లీ గడియారం వంక చూశారు.

"సార్, ఇంకా పదిహేను మంచాలున్నాయి, రౌండు ఆలస్యమైపోతుంది" అంది నిదానం, వెనక నుంచి.

"మాట్లాడించకమ్మా" అన్నారాయన. "లెక్క తప్పుతుంది."